మా మామ సూదికి ఒప్పుకున్న రోజు

మా మామ చిన్నప్పకు నిప్పంటే భయం లేదు. కణకణలాడే బొగ్గును ఉత్త చేత్తో తీసి ఇస్త్రీ పెట్టెలో వేసి, చురుక్కుమన్న వేళ్ళను చెవి తమ్మెకు అద్దుకుని మళ్ళీ పనిలో పడతాడు. వీధికుక్కలంటే భయం లేదు. బండి తీసేయమని జీపులో వచ్చే కార్పొరేషన్ వాళ్ళంటే అసలే లేదు, వాళ్ళ చొక్కాలు కూడా ఈయన దగ్గరే ఇస్త్రీ అవుతాయి. సూది అంటే మాత్రం పై ప్రాణాలు పైనే పోతాయి. మా పాపకు టీకా వేయించుకొచ్చిన రోజు "ఎంత లోపలికి పొడిచినారమ్మా?" అని అడిగి, నేను జవాబు చెప్పేలోపే గోడ పట్టుకుని కిందికి జారిపోయాడు. టీకా వేయించుకున్న పాప నేల మీద ఆడుకుంటోంది, మేమంతా ఈయన మొహాన నీళ్ళు చల్లుతున్నాం.

నా పేరు అంబిక. మాది కుప్పం దగ్గర పల్లె. పెళ్ళి చేసుకుని బెంగళూరు వచ్చాను. ఈ ఇంట్లో నాకు నోరెక్కువ అని పేరు. ఉండదా మరి? మా ఆయన మునిరాజు క్యాబ్ నడుపుతాడు. రోజంతా రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో హారన్లు విని వచ్చి ఇంట్లో మూగనోము పడతాడు. అందుకని ఇంట్లో మాట్లాడాల్సిందంతా నేనే మాట్లాడాలి, పోట్లాడాల్సిందీ నేనే పోట్లాడాలి. నేను మారతహళ్ళిలో ఒక బ్యూటీ పార్లర్‌లో కనుబొమలు దిద్దుతాను. మా అత్తామామలు మాత్రం ఈ ఊరివాళ్ళే. ఇక్కడ అద్దాల మేడలు లేచేనాటికే చెరువు గట్టు మీద బట్టలు ఆరేసినవాళ్ళు. చెరువు పోయింది, గట్టు పోయింది, ఇస్త్రీ బండి మిగిలింది.

ఆ బండి అపార్ట్‌మెంట్ గేటు పక్కన గోడ వారగా ఉంటుంది. నాలుగు చక్రాలు, పైన నీలం ప్లాస్టిక్ పట్ట, పలక మీద మడతలు వేసిన పాత దుప్పటి. మామ ఇస్త్రీ పెట్టేవాడు. మా అత్త పిల్లమ్మ ఇళ్ళకు వెళ్ళి బట్టలు తెచ్చేది, మడత పెట్టి మూట కట్టి తిరిగి ఇచ్చి వచ్చేది. చీర మీద మామ పాత చొక్కా ఒకటి తొడుక్కునేది, బొగ్గు నుసి అంటకుండా. పొద్దున బండి తోయడంతో మొదలయ్యేది ఇద్దరి రభస.

"ఇదేం మడతయ్యా, నీ మొహం మాదిరి వంకర ఉండాది," అనేది అత్త.

"నీ నోటికి ఇస్త్రీ పెట్టే పెట్టె ఇంకా రాలేదు పిల్లా, వస్తే ముందు మనమే కొందాం," అనేవాడు మామ.

బట్టలివ్వడానికి వచ్చిన ఐటీ పిల్లలు నిలబడి వీళ్ళ తగువు విని నవ్వుకుని పోయేవాళ్ళు. వీళ్ళిద్దరూ ఎవరినీ పట్టించుకునేవాళ్ళు కాదు. మధ్యాహ్నం బండి నీడలో ఒకే గిన్నెలో రాగిముద్ద తినేవాళ్ళు. కూర ఎక్కువ ఎవరికి వచ్చిందని అక్కడ మళ్ళీ ఇంకో తగువు.

అత్తకు ముందు కాళ్ళు వాచాయి. ఎండలో నిలబడి నిలబడి వాచాయనుకున్నాం. తరువాత మొహం ఉబ్బింది, తిన్నది తిన్నట్టు కక్కింది. ఆసుపత్రికి తీసుకుపోతే కిడ్నీలు రెండూ పోయాయన్నారు. వారానికి రెండుసార్లు మిషన్ మీద పడుకోబెట్టి రక్తం శుభ్రం చేయాలి, బతికినన్నాళ్ళూ ఇంతే అన్నారు. అందుకోసం ఎడమ చేతిలో చిన్న ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపారు. అక్కడ వేలు పెడితే లోపల పిల్లి గురగురమన్నట్టు ఉండేది. ఆ చేత్తో బరువు ఎత్తకూడదు, ఆ చేతికి గాజులు కూడా వద్దన్నారు. అత్త ఎడమ చేతి గాజులన్నీ తీసి కుడి చేతికే వేసుకుంది. మామ అది చూసి మొహం వేలాడేస్తే గయ్యిమంది.

"ఒక చేతికి ఉంటే చాలదా? ఇప్పుడేమి, నువ్వు పోయినావా?"

మొదటి రోజు మామ కూడా లోపలికి వచ్చాడు. నర్సమ్మ సూది చేతిలోకి తీసుకుందో లేదో, మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డ మనిషి నిలువునా కూలిపోయాడు. ట్రాలీ అంచు తగిలి కనుబొమ చీలింది. అత్త మంచం మీద నుంచి లేవబోయింది, నర్సమ్మ కేకలు వేసింది. ఇద్దరు వార్డుబాయిలు వచ్చి మామను బయటికి మోసుకుపోయారు. అంత జరిగాక, చీలిన చోట రెండు కుట్లు వేస్తామంటే ఈయన లేచి పరిగెత్తాడు. చివరికి ప్లాస్టర్ అంటించుకుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

ఆ రోజే అత్త చట్టం చేసింది. లోపలికి తోడుగా అంబిక వస్తుంది. మామ బయట కూర్చోవాలి. కావాలంటే బండి దగ్గరికి పోవచ్చు, ఇంటికి పోవచ్చు, లోపలికి మాత్రం రాకూడదు. మామ బండికీ పోలేదు, ఇంటికీ పోలేదు. ఎన్ని నెలలు, ఎన్ని ఏళ్ళు, ఆ తలుపు పక్కన బెంచీ మీదే కూర్చున్నాడు. చేతిలో టిఫిన్ డబ్బా, ఒళ్ళో అత్త చెప్పులు. అత్త బయటికి రాగానే లేచి నిలబడి అడిగేవాడు.

"నొప్పి పెట్టెనా పిల్లా?"

"నొప్పేంది? చీమ కుట్టినట్టు, అంతే. నువ్వు టిఫిన్ తిన్నావా లేదా?"

మామ మొహంలోకి నెత్తురొచ్చేది. చెప్పులు కింద పెట్టి, ఆమె తొడుక్కున్నాక ఆటో పిలవడానికి పోయేవాడు.

లోపల ఉన్నది నేను. అది చీమ కాదు. ఆ సూది లావు చూసి మొదటి రోజు నేనే కళ్ళు మూసుకున్నాను. అటువంటివి ప్రతిసారీ రెండు. ఒకదాంట్లోంచి రక్తం పోవాలి, ఇంకోదాంట్లోంచి లోపలికి రావాలి. గుచ్చిన చోటే మళ్ళీ మళ్ళీ గుచ్చీ గుచ్చీ చెయ్యి గట్టిపడిపోయింది. కొన్ని రోజులు సరిగ్గా దిగక తీసి మళ్ళీ గుచ్చేవాళ్ళు. అప్పుడు అత్త కుడి చేత్తో నా మణికట్టు పట్టుకునేది. గాజులు నా చర్మంలోకి దిగేవి. చొక్కా కాలరు పళ్ళ మధ్య పెట్టుకుని కరిచేది. కళ్ళలోంచి నీళ్ళు కారేవి గానీ గొంతులోంచి ఒక్క చప్పుడు రాలేదు. పక్క మంచాల వాళ్ళు దేవుణ్ణి పిలిచేవాళ్ళు, అమ్మను పిలిచేవాళ్ళు, నర్సులను తిట్టేవాళ్ళు. "నువ్వూ అరువు అత్తా, పోయేదేముంది? నీ నోరేమైంది?" అని కోప్పడితే తల అడ్డంగా ఊపేది.

ఒకరోజు నా చెయ్యి తీసుకుని తన నెత్తి మీద పెట్టుకుంది.

"మీ మామకు చెప్పినావంటే నా మీద ఒట్టు."

"ఎందుకత్తా ఈ దొంగతనం?"

"ఆయప్పకు తెలిస్తే ముద్ద దిగదు. సుమ్మనే ఉండు, నోరెత్తొద్దు."

అప్పటి నుంచి ఆమె చొక్కా లేకుండా ఇంట్లో కూడా ఉండలేదు, మామ పాత చొక్కాలే మార్చి మార్చి తొడుక్కునేది. మొదట బొగ్గు నుసికని వేసుకున్న చొక్కా, చేతులు మణికట్టు దాకా దించి బొత్తాం పెట్టుకుని, పడుకున్నప్పుడు కూడా ఒంటి మీదే ఉండేది. మామ అడిగితే "ఆసుపత్రి ఏసీకి ఒళ్ళు చల్లబడిపోయినాది" అనేది. చైత్రమాసపు ఎండలో కూడా అదే మాట. మామ నమ్మాడు. నమ్మి, ఆమె చొక్కాలన్నీ తానే ఉతికి, తానే ఇస్త్రీ పెట్టి ఇచ్చేవాడు. ఎడమ చెయ్యి మడత కత్తిలా నిలబెట్టి మరీ ఇచ్చేవాడు.

పోయిన ఏడు మాఘమాసంలో ఒక పొద్దున అత్త కాఫీ గ్లాసు చేతిలో పట్టుకునే గోడకు ఆనుకుని ఒరిగిపోయింది. గుండె ఆగిందన్నారు. ఆనేకల్ నుంచి ఆమె వదిన లక్ష్మీదేవి పుట్టింటి చీర, పసుపు, కుంకుమ, పచ్చ గాజులు పట్టుకుని వచ్చింది. ముత్తైదువగా పోయిన మనిషి కదా, రెండు చేతులకూ నిండుగా గాజులు వేసి పంపాలి. ఆడవాళ్ళు దుప్పట్లు అడ్డం పట్టి నీళ్ళు పోశారు. చొక్కా తీసేశారు. పొట్టి చేతుల రవిక తొడిగి, పుట్టింటి చీర కట్టి, వాకిట్లో చాప మీద పడుకోబెట్టారు.

నుదుట కుంకుమ పెట్టడానికి మామను పిలిచారు. ఆయన వంగి కుంకుమ పెట్టాడు. చెయ్యి వెనక్కి తీసుకుంటూ ఆమె ఎడమ చెయ్యి చూశాడు. మోచేతి పైనా కిందా చింతకాయ గణుపుల్లాగా ఉబ్బులు, ఒక్కొక్క ఉబ్బు మీద నల్లగా, తెల్లగా మచ్చలు, మచ్చ మీద మచ్చ. మామ కింద కూర్చుని ఆ ఉబ్బులను ఒక్కొక్కటిగా వేలితో తడిమాడు. "ఇదేంది?" అన్నాడు. గాజుల గురించి అడుగుతున్నాడనుకుని లక్ష్మీదేవి "మీ బావమరిది తెచ్చినాడన్నా" అంది. మామ నా వైపు చూశాడు. నేను గోడ వైపు తిరిగి ఏడ్చాను. ఆ రోజు ఏడవడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు కాబట్టి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఆ తరువాత మామ ఆ మాట ఎత్తలేదు. కర్మలు అయిపోయాక బండి దగ్గరికి వెళ్ళాడు. తానే బట్టలు తెచ్చుకుని, తానే ఇస్త్రీ పెట్టి, తానే మడత పెట్టాడు. మడత పెట్టేటప్పుడు మాత్రం గొణుక్కునేవాడు. మొదట్లో లెక్కలు వేసుకుంటున్నాడనుకున్నాను. ఒకరోజు టిఫిన్ ఇద్దామని వెనక నుంచి వెళ్తే వినబడింది. "చూడు పిల్లా, ఇప్పుడు చెప్పు, ఈ మడతకేమైంది?" అంటున్నాడు. నేను డబ్బా అక్కడ పెట్టి చప్పుడు చేయకుండా వచ్చేశాను. పార్లర్‌కు వెళ్ళి ఆ రోజు ఒకమ్మాయి కనుబొమ వంకరగా దిద్ది తిట్లు తిన్నాను.

వానాకాలం వచ్చేసరికి మామ కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు, వెనక్కి పోదు. షుగర్ ఉన్నవాళ్ళకు ఇలా బిగుసుకుపోతుందని ఎముకల డాక్టరు చెప్పి, కీలులోకి ఒక ఇంజెక్షన్ వేస్తానన్నాడు. సిరంజి ట్రే బల్ల మీదికి వచ్చిన చప్పుడు వినగానే మామ మూత్రానికని లేచి బయటికి వెళ్ళాడు. నేను అరగంట చూశాను. గది బయట ఆయన చెప్పులు ఉన్నాయి, మామ లేడు. వట్టి కాళ్ళతో ఇంటికి నడిచి పోయాడు. నేను ఆ చెప్పులు చేత పట్టుకుని, ఆయన్ను, ఆయన వంశాన్ని తిట్టుకుంటూ వచ్చాను.

కుడి చెయ్యి రాక ఎడమ చేత్తో ఇస్త్రీ పెట్టడం మొదలుపెట్టాడు. ఎడమ చెయ్యి ఆయన మాట వినదు. మూడో అంతస్తు పద్మనాభం గారి తెల్ల చొక్కా మీద పెట్టె మాడ్చిన మచ్చ అచ్చు గుద్దినట్టు దిగింది. అప్పటికే మునిరాజు విసిగి ఉన్నాడు. ఆ సాయంత్రం అన్నం ముందు నోరు విప్పాడు.

"చాలప్పా ఇంక. బండి పాత ఇనుముకు ఇచ్చేద్దాం. నువ్వు ఇంట్లో ఉండు. మేము చూసుకోలేమా నిన్ను?"

మామ కంచంలో వేళ్ళు అలాగే పెట్టి కూర్చున్నాడు.

"ఇంట్లో చూస్తే మీ యమ్మ లేదురా. ఏ మూల చూసినా లేదు. బండికాడ ఉండాది. బండి తీసేస్తే నేను యాడికి పోయి మాట్లాడేది?"

మునిరాజు అన్నం వదిలేసి బయటికి వెళ్ళి కారు తుడిచాడు, తుడిచిన కారునే మళ్ళీ తుడిచాడు. ఇంక ఆ ఇంట్లో విషయం ఒకటే. మామ చెయ్యి లేస్తే బండి ఉంటుంది. లేవకపోతే మామకు అత్త రెండోసారి పోతుంది.

కాలిన చొక్కా పట్టుకుని పద్మనాభం గారు వచ్చారు. నెల్లూరాయన, బ్యాంకులో చేసి రిటైరయ్యారు. తిడతారనుకుని నేను ముందే నడుం బిగించి నిలబడ్డాను. ఆయన తిట్టలేదు. "నా మోకాలికి ఆక్యుపంక్చర్ చేయించుకున్నా చిన్నప్పా. మందుల షాపు మేడ మీద సమీనా డాక్టరమ్మ ఉంది, మన తెలుగామె, హిందూపురం. సన్న సూదులు పెడుతుంది. నాకు గుణం కనబడింది. నువ్వూ చూడరాదా?" అన్నారు. సూదులు అనే మాట వినగానే మామ ఆ చొక్కా ఆయన చేతిలోంచి లాక్కుని "కొత్తది కొనిస్తాను సార్" అని సంభాషణ ముగించాడు.

నేను ముగించలేదు. వారం రోజులు పోరాను. బతిమాలాను, బెదిరించాను, పాపతో చెప్పించాను. చివరికి బండి పేరెత్తితే లేచాడు. మొదటిసారి మేడ మెట్లన్నీ ఎక్కాడు గానీ, లోపల గోడ మీద మనిషి బొమ్మ, దాని ఒంటి నిండా చుక్కలు చూశాడు. "ఇన్ని చోట్లా?" అని నన్ను అడిగి, ఎక్కినంత వేగంగా దిగిపోయాడు. కింద టీ కొట్టు దగ్గర పట్టుకున్నాను. టీ తాగుతూ తన భుజాన్ని తానే తడుముకుంటున్నాడు. అప్పుడు ఇంక తిట్టబుద్ధి కాలేదు. నేనూ ఒక టీ తాగి ఇంటికి తీసుకొచ్చాను.

రెండోసారి తానే వెళ్దామన్నాడు. ముందు రోజు పెట్టె చేయి జారి కాలి పక్కన పడింది. కాలు తగలలేదు గానీ మునిరాజు చూశాడు. పెట్టె తీసి పక్కన పెట్టి, బండి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. అది చూసి, బండికి రోజులు దగ్గరపడ్డాయని మామకు అర్థమయింది.

సమీనా డాక్టరమ్మ నా ఈడుదే. తల మీద చున్నీ, మెల్లగా మాట్లాడుతుంది. మామ చెయ్యి ఎంత లేస్తుందో చూసింది, షుగర్ కాగితాలు చూసింది.

"పెద్దాయనా, గ్యారంటీ అయితే ఇవ్వను. కొంతమందికి కదలిక వస్తుంది, కొంతమందికి రాదు. కొన్నిసార్లు చేసి చూద్దాం. ఎముకల డాక్టరు చెప్పిన వ్యాయామాలు మాత్రం మానకూడదు," అంది.

"సూది ఎంత ఉంటాదమ్మా?"

ఆమె కొత్త పొట్లం చించి ఒక సూది తీసి, తన ఎడమ చేతి బొటనవేలి పక్కన గుచ్చుకుని చూపించింది. అది తల వెంట్రుకంత ఉంది. గుచ్చినట్టు కూడా తెలియలేదు, అక్కడ సన్నగా నిలబడి ఊగుతోంది. నేను మామ వెనకే చేతులు చాచి నిలబడ్డాను, పడితే పట్టుకోవాలని. మామ పడలేదు. ముందుకు వంగి దాన్ని చాలాసేపు చూశాడు. తరువాత నా వైపు తిరిగాడు.

"మీ అత్తకు ఏసింది ఇదేనా?"

గదిలో ఫ్యాను తిరుగుతోంది. డాక్టరమ్మ నన్నే చూస్తోంది. అత్త డయాలిసిస్ సంగతి నేను ముందే చెప్పాను, ఆ సూది ఎంత ఉంటుందో ఆమెకు తెలుసు. కాదంటే మామ ఈ మెట్లు దిగి పోతాడు, మళ్ళీ ఎక్కడు. బండి పోతుంది. పైగా నా అరచేతి కింద అత్త నెత్తి ఇంకా వెచ్చగా ఉన్నట్టే ఉంది.

"ఇదే మామా. ఇటువంటిదే," అన్నాను.

డాక్టరమ్మ కళ్ళు దించుకుని పత్తి తీసుకుంది.

మామ చొక్కా విప్పి మంచం మీద పడుకున్నాడు. ఆ రోజు మొదలు చాలాసార్లు వెళ్ళాడు, వ్యాయామాలూ చేశాడు. సూదుల వల్లనో, వ్యాయామాల వల్లనో నాకు తెలియదు, ఇప్పుడు చెయ్యి భుజం దాకా లేస్తుంది. బండి గేటు పక్కన అక్కడే ఉంది, పద్మనాభం గారి చొక్కాలు కాలడం లేదు. అడిగినవాళ్ళందరికీ నేను ఇంతే చెప్తాను. ఆ మొదటి రోజు సంగతి ఎవరికీ చెప్పలేదు, మునిరాజుకు కూడా.

మొదటి సూది భుజం మీద దిగినప్పుడు మామ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రెండోదానికి ఒక కన్ను తెరిచాడు. అన్నీ అయ్యాక డాక్టరమ్మ "చెయ్యి కదపకుండా కాసేపు ఇట్లే పడుకోండి" అని పక్క గదికి వెళ్ళింది. నేను స్టూలు లాక్కుని తల దగ్గర కూర్చున్నాను. గండం గడిచిందని నా మనసు తేలికపడింది. ఇంటికి పోతూ పాపకు జిలేబీ కొనాలనుకున్నాను.

"అంబికా."

"చెప్పు మామా."

"ఇది కాదులే, మీ అత్తకు ఏసింది."

ఆయన పైకప్పు వైపే చూస్తున్నాడు.

"బట్టకు గుండుసూది గుచ్చినారనుకో, ఇస్త్రీ పెట్టంగానే ఆ కంత పూడిపోతాది. మేకు పట్టి చిరిగింది ఎన్ని తూర్లు ఇస్త్రీ పెట్టినా పూడదు. ఆ చెయ్యి నేను చూసినా గదా. ఈ సూదికి చెయ్యి అట్లా కాదు."

"మామా, నేను..."

"నిన్నేమనలేదు తల్లీ. ఆమె కోసరం దాచినావు, ఇప్పుడు నా కోసరం చెప్పినావు. మా ఇద్దరి మధ్యన నువ్వు నలిగినావు. ఇప్పుడన్నా నిజం చెప్పు. నేనెట్లాగూ పడిపోయేదానికి లేదు, పడుకునే ఉండా."

అత్తా, ఒట్టు తీసి గట్టు మీద పెడుతున్నాను, అని మనసులో అనుకున్నాను. చెప్పాను. ఊదుబత్తి పుల్ల ఉంటుందే, అంత లావు మామా, అన్నాను.

"ఒకటా?"

"రెండు."

"పోయినప్పుడంతా?"

"అవును. పోయినప్పుడంతా."

ఆయన భుజం మీద సూదులు కదిలాయి.

"ఏడ్చేదా?"

"నీళ్ళు కారేవి. గొంతెత్తి ఏడవలేదు."

"అబ్బా అని ఒక్క తూరి కూడా అనలేదా?"

"లేదు మామా. చొక్కా కాలరు కరుచుకునేది."

మామ కళ్ళు నా వైపు తిరిగాయి. ఆ చూపు నేను భరించలేకపోయాను.

"అదే కాలర్లన్నీ నమిలేసినట్టు ఉండేటివి. ఇంట్లో ఎలకలు కొరికినాయని, చూసుకోవద్దా అని, నేను ఆమెనే తిట్టినా. ఎలకలే అనింది. ఇంక మీదట ట్రంకు పెట్టెలో పెడతాలే అనింది."

నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను.

"యాల కరుచుకునేది? అరవొద్దని నర్సమ్మలు చెప్పినారా?"

ఎంతో మందిని ఎన్నో మాటలన్నాను నేను. ఆ జవాబు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది.

"ఎవరూ వద్దనలేదు. తలుపవతల బెంచీ మీద నువ్వు ఉన్నావని. నీకు వినబడితే లోపలికి వస్తావని, వచ్చి పడిపోతావని."

కింద వీధిలో కూరగాయల ఆటో మైకు పెట్టుకుని వెళ్ళింది. ఆయన పెదవులు రెండుసార్లు కదిలి ఆగిపోయాయి. మూడోసారి మాట బయటికి వచ్చింది.

"ఒకర్తినే వదిలి పోగూడదని కూర్చున్నానమ్మా. నేను ఆ బెంచీ మీద లేకపోయుంటే, పాపం, తనివితీరా అరుచుకునుండును గదా."

చెయ్యి కదపకూడదని చెప్పారు కాబట్టి ఆయన కదపలేదు. కన్నీళ్ళు రెండు కణతల మీదుగా చెవుల్లోకి కారుతున్నాయి. నేను చున్నీతో తుడిచాను. తుడిచిన చోట మళ్ళీ తడి అయింది, మళ్ళీ తుడిచాను. డాక్టరమ్మ వచ్చి తలుపు దగ్గర నిలబడి, "నొప్పిగా ఉందా పెద్దాయనా, సూదులు తీసేయనా?" అని అడిగింది. మామ తల అడ్డంగా ఊపాడు.